గవి వాకిట్లో చెప్పులు

సాయంత్రం ఐదూ నలభైకి పావురాల గవిలో దీపాలు ఆర్పేశాను. రోజూ చేసే పనే. బయట ప్యానెల్ గదిలో ఆరు స్విచ్చులు, లోపలి చివర నుంచి వాకిలి వైపుకు, ఒకదాని తర్వాత ఒకటి. ఆ తర్వాత బ్లోయర్ ఆపాలి, ప్యానెల్ గదికి తాళం వేయాలి, రిజిస్టరులో సమయం రాసి సంతకం పెట్టాలి. కరోనాకు మూసిన గుహను మళ్ళీ తెరిచిన రెండో ఏడాది అది. మార్చి నెల, మంగళవారం. అన్నీ వరుస ప్రకారమే చేశాను. రిజిస్టరులో "లోపల ఎవరూ లేరు" అని రాశాను.

పావురాల గవి పేరు చాలామంది విని ఉండరు. కర్నూలు, కడప వైపు గుహలంటే అందరికీ బేలుం గుర్తొస్తుంది. భక్తులకు యాగంటి గుర్తొస్తుంది. చదువుకున్నవాళ్ళు బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం సంగతి చెబుతారు, అక్కడ తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు తీశారని. మాది వాటి ముందు చిన్నది. కొలిమిగుండ్ల నుంచి నాపరాయి గనుల మధ్యగా పోయే దారిలో, చదును చేనులో ఒక గుంత, గుంతలోకి మెట్లు. గుట్టా లేదు, కొండా లేదు. దగ్గరికి వచ్చేదాకా ఏమీ కనిపించదు. ఊళ్ళో దాన్ని గుహ అనరు, గవి అంటారు.

ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద రాయి అయింది. వాన నీళ్ళు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతాయి. ఆ నీళ్ళు పగుళ్ళలోంచి దిగి రాయిని కరిగించుకుంటూ పోయాయి. అవి పోయిన దారులే ఇప్పుడు మనం నడిచే దారులు. కప్పు నుంచి దిగిన సున్నపు ఊడలను స్టాలక్టైట్లు అంటారు, నేల నుంచి లేచినవాటిని స్టాలగ్మైట్లు అంటారు. విషయం ఇంతే. మా గైడ్లు ఇంతటితో ఆగరు. ఇది ఐదు పడగల పాము, ఇది ఏనుగు, ఈ సందులోంచి పోతే కాశీ వస్తుంది అంటారు. టార్చి ఒక పక్క నుంచి వేస్తేనే ఏనుగు కనిపిస్తుంది. టార్చి తీస్తే రాయి. నాకు ఆ ఏనుగు మీద ఎప్పుడూ మనసు పోలేదు.

పర్యాటకులు రాకముందు ఈ గవిలో గొర్రెల కాపరులు ఎండకు తలదాచుకునేవాళ్ళు. చుట్టుపక్కల రైతులు గబ్బిలాల పెంట బండ్లకెత్తి చేలకు తోలుకున్నారు. తర్వాత కొంతకాలం ఊరి చెత్తంతా ఇందులోనే పడింది. ఆ తర్వాతే శుభ్రం చేసి, మెట్లు కట్టి, దీపాలు పెట్టారు. ఆ దీపాలు చూసుకోవడానికి నేను కర్నూలు పక్క కల్లూరు నుంచి వచ్చాను. పదకొండేళ్ళయింది. కొలిమిగుండ్లలో అద్దె ఇల్లు.

గుహలో దీపాల పని ఇంట్లో దీపాల పని లాంటిది కాదు. ఒకే చోట ఎక్కువసేపు వెలిగితే రాయి మీద పచ్చటి పాచి పడుతుంది. దాన్ని లాంపెన్‌ఫ్లోరా అంటారు. దీపం వెలుతురుకు పుట్టే పాచి అన్నమాట. ఒకసారి పట్టిందంటే కడిగినా మచ్చ పోదు. అందుకే చివరి మనిషి బయటికి రాగానే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆర్పేయాలి. గాలి సంగతి ఇంకొకటి. మా గవి చివర ఒక పల్లపు గది ఉంది. మెట్లు దిగి పోవాలి. కార్బన్ డయాక్సైడ్ మామూలు గాలి కంటే బరువు, పల్లంలో నిలిచిపోతుంది. దాన్ని కదిలించడానికి పైన చేలోంచి గుహ కప్పు దాకా రెండు బోరు రంధ్రాలు వేసి ఇనుప గొట్టాలు దించారు. వాటిని ఎయిర్ షాఫ్టులు అంటాం. ఒకదాని మీద బ్లోయర్ ఉంది, అది గాలిని లోపలికి తోస్తుంది. రెండోదాని మీద జాలీ మూత మాత్రమే, పాత గాలి అందులోంచి బయటికి వస్తుంది. ఎండాకాలంలో రాత్రంతా బ్లోయర్ లేకుండా ఆ పల్లపు గదిలో మనిషి ఉంటే ఏమవుతుందో మాకు శిక్షణలో చెప్పారు. తెల్లవారి దించాల్సింది మనిషిని కాదు, స్ట్రెచర్‌ను అన్నారు.

మరి లోపల ఎవరూ లేరని నాకెలా తెలుసు? మౌలాలి చెబుతాడు. మౌలాలికి అరవై దాటాయి. వాకిలి దగ్గర చెప్పుల అర ఆయన చేతిలో ఉంటుంది. గవిలోకి కొంత దూరం పోగానే ఒక స్టాలగ్మైట్ ఉంది, ఊరివాళ్ళు దాన్ని లింగమని మొక్కుతారు. దీపాలు రాకముందు నుంచీ మొక్కుతున్నారు. చెప్పులతో లోపలికి పోనిస్తే ఒప్పుకోరు. కాబట్టి వచ్చినవాళ్ళంతా వాకిట్లో చెప్పులు విడవాల్సిందే. టోకెన్లు లేవు, చీటీలు లేవు. సాయంత్రం అర ఖాళీ అయితే గవి ఖాళీ అయినట్టు. ఒక జత మిగిలితే ఒక మనిషి మిగిలినట్టు. టికెట్లతో లెక్క తేలదు, అవి లోపలికి పోయినవాళ్ళను చెబుతాయి గాని బయటికి వచ్చినవాళ్ళను చెప్పవు. చెప్పులు చెబుతాయి. ఒకసారి ఒక కాలేజీ జంట లోపల దాక్కుంటే చెప్పులే పట్టించాయి. ఒకసారి ఒక ఫొటోగ్రాఫరు బండకు ఆనుకుని నిద్రపోతే ఆయన బూట్లు చూసి లేపాం.

"నేను మొహాలు సూడను సారూ," అనేవాడు మౌలాలి. "మొహం మారుతుంది. కాలు మారదు."

ఆ మంగళవారం జనం తక్కువ. గైడు బంధువుల పెళ్ళని నాలుగింటికే పోయాడు. చివరగా ప్రొద్దుటూరు కుటుంబం ఒకటి చూసి వచ్చింది. మౌలాలి అర వైపు చేయి ఆడించి, "కాలీ సారూ, ఆర్పేయ్," అన్నాడు. ఆర్పేశాను. ఆయన తన మోపెడ్ ఎక్కి ఇంటికి పోయాడు.

నేను పోలేదు. ముందటి ఆషాఢంలో నా భార్య చనిపోయింది. కర్నూలు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. ఆ తర్వాత నేను ఇంటికి పోవడం ఆలస్యం చేస్తూ వచ్చాను. పైన చేలో రెండో షాఫ్టు దగ్గర సిమెంటు గద్దె ఉంది. వెలుతురు ఉన్నంతసేపు అక్కడ కూర్చుని ఏదైనా చదువుకునేవాణ్ణి. అక్షరాలు కనిపించడం మానేశాక బండి తీసేవాణ్ణి. ఈ సంగతి ఎవరికీ తెలియదు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్పే పనీ పడలేదు.

ఆ రోజు పొద్దు గూకాక పుస్తకం మూసి లేచాను. గొట్టంలోంచి చప్పుడు వినిపించింది. ఇనుము మీద రాయి తగిలిన చప్పుడు. మూడు దెబ్బలు. నిలబడి విన్నాను. కొంతసేపటికి మళ్ళీ మూడు. నీళ్ళ చుక్క శబ్దం నాకు తెలుసు, పావురాల రెక్కలూ తెలుసు. ఇది రెండూ కాదు. జాలీ మీద వంగి "ఎవరు లోపల?" అని కేకేశాను. నా గొంతు గొట్టంలో ముక్కలై పోయింది. కింద నుంచి ఏదో గొంతు వచ్చింది, ఒక్క మాటా తెలియలేదు. కాలి దగ్గరున్న రాయి తీసి గొట్టం మీద మూడు సార్లు కొట్టాను. వెంటనే కింద నుంచి మూడు.

అప్పటికి ఆరూ నలభై. దీపాలు ఆర్పి గంట.

మౌలాలికి ఫోన్ చేశాను.

"చెప్పుల్లేవు గదా సారూ. ఒక్క జతా ల్యా. నేను సూసినా."

"చప్పుడు వినపడుతోంది మౌలాలన్నా."

"పావురాలు అయ్యింటాయి."

"పావురాలు మూడు కొట్టి ఆగవు."

"వస్తాండా," అన్నాడు.

ఆయన వచ్చేలోగా ప్యానెల్ గది తెరిచాను. మా లైనులో ఆరింటికి త్రీ ఫేజ్ కరెంటు పోతుంది. మోటార్లకు కావాల్సింది అదే. తర్వాత వచ్చే సన్న కరెంటు మీద టికెట్ గది బల్బు, వాకిలి బల్బు వెలుగుతాయి. లోపలి దీపాలు వెలగవు, బ్లోయర్ తిరగదు. జనరేటరు ఉంది. దాని బ్యాటరీ చచ్చి నెల అయింది. తాడు చుట్టి నాలుగుసార్లు లాగాను. దగ్గి ఆగిపోయింది.

మౌలాలి మోపెడ్ దిగి నేరుగా షాఫ్టు దగ్గరికి పోయాడు. గొట్టానికి చెవి ఆనించాడు. మూడు దెబ్బలు వచ్చాయి. లేచి నిలబడ్డాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన బావులు తవ్వేవాళ్ళ దగ్గర కూలికి పోయాడు, పైన ఉండి మట్టి గంపలు లాగే పని.

"ఇది బావి దెబ్బ సారూ," అన్నాడు. "మూడు కొట్టి ఆగితే, పైకి లాగమని."

అప్పుడు ఇద్దరికీ తెలిసింది, లోపల ఉన్నది తమాషాకు దాక్కున్న పిల్లలు కాదని. ఎవరో నేల కింద పని తెలిసినవాడు. లాగమంటున్నాడు. ఇంతసేపూ లాగమంటూనే ఉన్నాడు. చప్పుడు రెండో షాఫ్టులోంచి వస్తోంది. ఆ గొట్టం దిగేది పల్లపు గది మెట్ల పైన. మనిషి మెట్ల పైన ఉన్నాడో, కింద నుంచి కొడుతున్నాడో పై నుంచి చెప్పలేం.

రెండు టార్చీలతో లోపలికి దిగాం. ఒకటి నాది, మంచిది. రెండోది మౌలాలి ఫోన్. ఆక్సిజన్ సిలిండరు మా దగ్గర లేదు. చేతిలో పట్టుకునే గ్యాస్ మీటరు ఉంది, గాలి చెడితే కూస్తుంది. అది జేబులో పెట్టుకున్నాను.

పదకొండేళ్ళుగా ఆ గుహలో పని చేశాను కాని, దీపాలు లేకుండా చివరిదాకా ఎప్పుడూ నడవలేదని అప్పుడు తెలిసింది. నాకు గవి అంటే ఆరు సర్క్యూట్లు. ఒకటో సర్క్యూట్ వాకిలి, రెండోది లింగం, మూడోది పెద్ద మంటపం. దీపాలు లేకపోతే అవేవీ లేవు. టార్చి వేసిన చోట గోడ, తీసిన చోట ఏమీ లేదు. గైడు చెప్పే పడగలూ ఏనుగులూ ఒక్కటీ కనిపించలేదు. పెద్ద మంటపంలో మూడు దారులున్నాయి. అక్కడ నిలబడి ఏ దారో గుర్తు పట్టలేకపోయాను. మౌలాలి నా మొహం మీద ఫోన్ వేసి, "ఏమి సారూ, దోవ మర్చిపోయినావా? రోజూ నువ్వే గదా ఎలిగించేది," అన్నాడు.

అప్పుడు వంగి గోడ వార నేల మీద చేయి పెట్టాను. కేబుల్ తగిలింది. ఆ కేబుల్ నేను వేసిందే. ఎక్కడ వంకర తిరుగుతుందో, ఎక్కడ జాయింట్ ఉందో చేతికి తెలుసు. అక్కడి నుంచి ఒక చేయి కేబుల్ మీద, ఒక చేయి టార్చి మీద పెట్టుకుని నడిచాను. ఐదో జాయింట్ దాటాక దెబ్బలు దగ్గరగా వినిపించాయి. మీటరు కూయలేదు.

ఆయన పల్లపు గది మెట్ల పైన, సరిగ్గా షాఫ్టు కింద కూర్చుని ఉన్నాడు. చేతిలో గులకరాయి. పక్కన స్టీలు రెయిలింగు. బక్కపలచని ముసలాయన, తెల్ల పంచె, ఒళ్ళో గుడ్డ సంచి. టార్చి మొహం మీద పడగానే చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"దించప్పా దాన్ని. కండ్లు పోతాయి."

టార్చి నేలకు దించాను. ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఊపిరి ఎలా ఉందని అడిగాను.

"బాగుండాది. కిందున్నప్పుడు గుండె మీద కూకున్నట్లుండె. అది సెడ్డ గాలి. బావుల్లో అట్లే ఉంటాది. తడుముకుంటా మెట్లెక్కొస్తి. ఈడ మొగానికి సల్లగా తగిల్నాది, ఈడ్నే కూకుంటి." తల ఎత్తి కప్పు వైపు చూపించాడు. "ఎంతసేపాయ దీపాలు పోయి?"

"గంటన్నర అవుతోంది పెద్దాయనా."

"అంతేనా? నాకు శానాసేపనిపించె." ఇంకేదో ఆలోచించి అన్నాడు, "టికెట్టుకు దుడ్లిచ్చి సూసింది కొంచెం. ఉత్తగా సూసింది శానా."

మౌలాలి నవ్వలేదు. "నీ చెప్పులు యాడ పెట్టినావు పెద్దాయనా?" అన్నాడు.

"సంచిలో."

"సంచిలోనా! ఇన్నేండ్లలో ఒక్కడన్నా చెప్పులు సంచిలో పెట్టుకొని గవిలోకి పోయినాడా? అందరూ ఆడ ఇడుస్తారు గదా, కనపళ్ళా?"

"కనపడ్నాయి. నేను ఇడవను."

"ఏమి, బంగారు చెప్పులా? ఎత్తకపోతాననుకొంటివా?"

"నువ్వు బావి గట్టున చెప్పులిడిచి లోపలికి దిగుతావాప్పా?" అన్నాడు ముసలాయన. "గట్టున చెప్పులు కనపడితే ఊరంతా ఉరికొచ్చి నీళ్ళల్లో దేవులాడతారు. ఎవురో దుమికినారని. మా పనోళ్ళు ఎవురూ ఇడవరు. ఇప్పి సంచిలో ఏసుకొని దిగుతాం. భూమిలోకి చెప్పుల కాళ్ళతో పోకూడదు, గట్టున ఇడవనూ కూడదు."

బావి గట్టు మీద విడిచిన చెప్పులంటే ఏమిటో మా వైపు అందరికీ తెలుసు. మౌలాలికీ తెలుసు, నాకూ తెలుసు. పదకొండేళ్ళు రోజూ ఆ అర చూశాం గాని, దాన్ని బావి గట్టుతో కలిపి చూడలేదు.

ఆయన పేరు ఉరుకుందప్ప. ఊరు కోసిగి. నలభై ఏళ్ళు బావులు తవ్వాడు. బోర్లు వచ్చాక ఆ పని పోయింది. తర్వాత అందరిలాగే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయేవాడు. ఈ ఏడు కూలి ముఠావాళ్ళు ఆయన్ను తీసుకుపోలేదు, నడుం వంగడం లేదని. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు. ఊరికే కూర్చోలేక, ఎప్పుడో ఒక లారీ డ్రైవరు చెప్పిన మాట గుర్తొచ్చి, గుంతకల్లు మీదుగా తాడిపత్రికి వచ్చి అక్కడ బస్సెక్కాడు.

"ఏం చూద్దామని వచ్చావు?" అన్నాను.

"ఎవురూ తవ్వకుండా ఇంత పొడుగు గవి ఉండాదని చెప్పినాడు. అదెట్లుంటాది? ఎవురో ఒకరు తవ్వల్ల గదా. సూసి పోదామని వస్తి." గోడ మీద అరచేయి పెట్టాడు. "గడ్డపార గాటు ఒక్కటీ లేదు. అంతా ఎతికినా. ఎతుక్కుంటానే ఎనకబడిపోతి."

నీళ్ళు చేసిన పని అని చెప్పాను. వాన నీళ్ళు రాయిని కరిగించిన సంగతి, నాకు తెలిసినంత సులువుగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఎన్నేండ్లు పట్టింది?"

"లక్షల ఏండ్లు."

"తొందరేమీ లేదు దానికి," అన్నాడు.

లేపి నిలబెట్టాం. కాళ్ళు తిమ్మిరెక్కాయి. మౌలాలి ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. కేబుల్ మీద చేయి పెట్టి ముందు నడుస్తూ, భయం వేయలేదా అని అడిగాను. మాట్లాడిస్తూ ఉంటే నడుస్తాడని అడిగాను, అంతే.

"సీకటికేమి భయం. సీకట్లోనే బతికినా," అన్నాడు. కొన్ని అడుగులు వేసి మళ్ళీ చెప్పాడు. "బావిలో దిగినోడికి పైన తాడు పట్టుకున్న మనిసి ఉంటాడు. కొడితే లాగుతాడు. ఈడ పైన ఎవురున్నారని కొట్టల్ల? నువ్వు పైనుంచి కొట్టేదాకా తెలీలా. ఊరికే కొడతాంటి."

"నీకు తాడెవురు పడ్తాండ్రి?" అని మౌలాలి అడిగాడు. కూలివాళ్ళ మధ్య అది మామూలు ప్రశ్న.

"మా ఆడమనిసి. నేను తవ్వితే ఆమె లాగేది. ఇంగొకరి చేతికి తాడిచ్చి నేను దిగలేదు. సచ్చిపోయి ఆరేండ్లాయ."

కేబుల్ వెంట వాకిలి దాకా వచ్చాం.

మెట్లెక్కి బయటికి వచ్చేసరికి పూర్తిగా చీకటి పడింది. ఆయన గుంత అంచు నుంచి పది అడుగులు దూరంగా నడిచి, అక్కడ సంచిలోంచి చెప్పులు తీసి వేసుకున్నాడు. టైరు చెప్పులు. మౌలాలి వాటినే చూస్తూ నిలబడ్డాడు. "నేను నిన్ను సూసినా పెద్దాయనా," అన్నాడు. "లోపలికి పోయేటప్పుడు సూసినా. కాళ్ళకేమీ ల్యాకపోయె. లింగానికి దీపం పెట్టేకి వచ్చిన ఊరోడనుకొంటి. వాళ్ళు ఇట్ల పోయి అట్ల వస్తారు." అర పక్కన కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అల్లా కాపాడె. సారు ఇంటికి పోయింటే ఏమయ్యేది?"

నేను ఎందుకు ఇంటికి పోలేదో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

ఫోన్ తీసి ఉరుకుందప్పను అడిగాను, ఇంట్లో ఎవరికి చెప్పాలి అని. ఎదురు చూస్తుంటారు కదా అన్నాను.

"ఎవురు సూస్తారప్పా?" అన్నాడు. కోపంగా కాదు. తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

చివరి బస్సు పోయింది. ఆయన్ను బండి మీద ఎక్కించుకుని కొలిమిగుండ్లకు తీసుకుపోయాను. దారిలో సంచి నా వీపుకు తగులుతూ ఉంది. ఎన్ని బావులు తవ్వి ఉంటావని అడిగితే, "తవ్వినవి లెక్క లేదు. నీళ్ళు పడినవి పద్దెనిమిది," అన్నాడు.

ఇంటి ముందు బండి ఆపి తాళం తీస్తున్నాను. ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. గోడ వారన నా భార్య చెప్పులు ఉన్నాయి. ఆసుపత్రికి ఆటోలో ఎత్తుకుపోయాం కాబట్టి ఆమె వేసుకోలేదు. ఎనిమిది నెలలుగా అవి అక్కడే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు జరిపి, ఊడ్చాక మళ్ళీ పెట్టేవాణ్ణి. ఆయన వాటిని చూసి, గొంతు తగ్గించి, "అమ్మ లోపల ఉండాదా? నేను ఈడ అరుగు మీద పండుకుంటాలే," అన్నాడు.

"లేదు," అన్నాను. "లోపల ఎవరూ లేరు."

ఆయన నా వైపు చూశాడు. తాళం బయట వేసి ఉండటం చూశాడు. తన చెప్పులు తీసి చేతిలో పట్టుకుని లోపలికి వచ్చి, సంచిలో వేసుకుని, సంచి గోడకు ఆనించాడు. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. ఆ ఇంట్లో ఇద్దరికి వండటం చాలా రోజుల తర్వాత. ఉప్పు ఎక్కువైంది. ఆయన తిని, "బాగుండాది," అన్నాడు. నేను ఉప్పు సంగతి చెబితే, "ఉప్పు ఎక్కువే. బాగుండాది గూడా," అన్నాడు.

పొద్దున మొదటి బస్సుకు ఎక్కించాను. ఫోన్ నంబరు అడిగితే లేదన్నాడు. నాది చీటీ మీద రాసి ఇచ్చాను. చీటీ మడిచి సంచిలో, చెప్పులు ఉండే వైపు కాకుండా రెండో వైపు పెట్టుకున్నాడు. ఇంతవరకు ఆయన నుంచి ఫోన్ రాలేదు.

జరిగింది జరిగినట్టు పై ఆఫీసుకు రాసి పంపాను. మౌలాలి పేరు రాయవద్దని ఆయన అడగలేదు కాని, రిజిస్టరులో సంతకం నాది కాబట్టి తప్పు నాదనే రాశాను. మెమో వచ్చింది, జవాబు ఇచ్చాను. ఆ జవాబు రాస్తున్నప్పుడే తప్పు ఎక్కడ ఉందో నాకు స్పష్టమైంది. లోపలికి పోయిన ప్రతివాడూ బయట ఏదో ఒకటి వదిలిపోతాడని మేం అనుకున్నాం. తిరిగి రాకపోతే, వాడెక్కడని వాకిట్లో నిలబడి అడిగేవాళ్ళు ఉంటారని కూడా అనుకున్నాం. కాలేజీ జంట కోసం స్నేహితులు అడిగారు. ఫొటోగ్రాఫరు కోసం కారు డ్రైవరు అడిగాడు. మా చెప్పుల లెక్క అన్నేళ్ళు పనిచేయడానికి సగం కారణం ఆ అడిగిన మనుషులే. బయట ఏమీ వదలని మనిషి, ఎవరూ అడగని మనిషి వస్తే మా లెక్కలో అతను లేడు. అలాంటి మనుషులు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఒకణ్ణి నేను రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూస్తాను కాబట్టి, లేరని మాత్రం అనలేను.

ఇప్పుడు పద్ధతి మారింది. వాకిట్లో పోయేవాళ్ళకూ వచ్చేవాళ్ళకూ వేరువేరు లెక్క ఉంది. అది ఉన్నా, ఐదున్నరకు నేనూ మౌలాలీ దీపాలన్నీ వెలుగుతుండగానే చివరి గది దాకా నడుస్తాం. పల్లపు గదిలోకి దిగి మూలమూలా చూస్తాం. కేకేస్తాం. జవాబు లేదని వినేదాకా నిలబడతాం. అప్పుడు ఆరో సర్క్యూట్ నుంచి మొదలుపెట్టి, నడిచి వచ్చిన మేరకే ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ బయటికి వస్తాం. అందుకోసం స్విచ్చులను లోపలే, ఏ గదికి ఆ గది దగ్గర పెట్టించాను. మౌలాలికి మోకాళ్ళ నొప్పులు. "నువ్వు పోయిరా సారూ, నేనీడ ఉంటా," అని ఒక్క రోజూ అనలేదు. అర మాత్రం అలాగే ఉంది, జనం ఇప్పటికీ అందులోనే చెప్పులు విడుస్తారు.

వాకిట్లో చెప్పులు చూసి లోపల మనిషి ఉన్నదీ లేనిదీ చెప్పడం ఇప్పుడు మానేశాం.